మారుమోత భూతం మింగిన గట్టిమేళం

పిల్లలూ, మీలో పెళ్ళికి వెళ్ళనివాళ్ళు ఎవరూ ఉండరు. లడ్డూ కోసం వెళ్ళినా వెళ్ళడం వెళ్ళడమే. అక్కడ పురోహితుడు ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి, వేలు గాలిలో తిప్పుతూ "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరవడం చూసే ఉంటారు. అప్పుడు సన్నాయి, డోలు, తాళాలు ఒక్కసారిగా హోరెత్తిపోతాయి. ఆ హోరులోనే పెళ్ళికొడుకు తాళి కడతాడు. ఆ క్షణాన ఎవరైనా తుమ్మినా, ఎవరి నోటైనా అశుభం మాట వచ్చినా వినబడకూడదని పెద్దలు చేసిన ఏర్పాటది. ఆ గట్టిమేళమే లేకుండా పోయిన రాజ్యం ఒకటుంది. దాని పేరు గజ్జెలకోట.

గజ్జెలకోటను కలధ్వజుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన తన కూతురి పెళ్ళికి ఊరూవాడా అందర్నీ పిలిచాడు. ఉత్తరాన నల్లకొండ గుహలో ఉండే మారుమోత భూతాన్ని కూడా మరిచిపోకుండా పిలిచాడు. ఆ భూతానికి ఒకే మొండెం మీద మూడు తలలు. ఒకటి ముందుకు చూస్తుంది, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. ఒక నోరు సన్నాయిలా పలికితే ఇంకోటి డోలులా, మూడోది తాళాల్లా పలుకుతుంది. ఎంత గొప్ప సంగీతమైనా ఒక్కసారి వింటే చాలు, పొల్లుపోకుండా తిరిగి పలికేస్తుంది.

పిలుపు అందినందుకు భూతం తెగ సంబరపడింది. "నేనూ పాడతాను" అంటూ పందిట్లో నిలబడి గొంతులు విప్పింది. మొదటి పాట కాగానే ముందు వరుసలో ఎవరో, "ఇది మన కోటప్ప సన్నాయి కాదూ!" అన్నారు. రెండోది ఎత్తుకోగానే, "ఇది పక్క రాజ్యం వాళ్ళ ఊరేగింపు పాట" అన్నారు. మూడోదానికి ఒక పెద్దావిడ ఆవులించి, "అన్నీ వాళ్ళవీ వీళ్ళవేనా నాయనా? నీదంటూ ఏదైనా పాడు" అంది. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు పాపం. భూతం ఆరు కళ్ళూ టపటపలాడించింది. తనదంటూ ఏమీ లేదని దానికి అప్పుడే తెలిసింది. సరిగ్గా అప్పుడే ముహూర్తం వచ్చిందని పురోహితుడు వేలు తిప్పాడు. భూతం గొంతు గట్టిమేళం కింద పడి నలిగిపోయింది.

దానికి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. మూడు నోళ్ళూ తెరిచి ఆ గట్టిమేళాన్ని గుటుక్కున మింగేసింది.

"నా నోరు మూయించడానికి మేళం వేస్తారా? ఇకమీదట మీ రాజ్యంలో గట్టిమేళం మోగదు. నేను తిరిగి పలకలేని మేళం ఎవరైనా వినిపిస్తే కక్కేస్తాను. నేను పలికేశానో, వాయించినవాళ్ళు నా గుహలో బానల్లో ఊరుతారు, ఆవకాయ ముక్కల్లాగ!" అని చెప్పి కొండెక్కి కూర్చుంది.

ఆనాటినుంచి ఏ పెళ్ళిలోనైనా పురోహితుడు వేలు తిప్పగానే మేళం మూగబోయేది. బుగ్గలు ఉబ్బేవి, డోలు పుల్లలు ఆడేవి, చప్పుడు మాత్రం రాదు. గట్టిమేళం లేకుండా తాళి కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అలా మూడేళ్ళు గడిచాయి. యువరాణిని చేసుకోవడానికి వచ్చిన మగపెళ్ళివారు విడిదింట్లోనే ఉండిపోయారు. మూడేళ్ళుగా రెండు పూటలా గారెలు వేయలేక రాజుగారి వంటవాళ్ళ నడుములు పడిపోయాయి. మగపెళ్ళివారికి మాత్రం ఏ తొందరా లేదు.

మేళాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరు కొండెక్కాయి. ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి సన్నాయి కోటప్ప తానే ఒంటరిగా వెళ్ళాడు. ఆయనా రాలేదు. మర్నాటినుంచి ప్రతి ఉదయం నల్లకొండ మీదనుంచి కోటప్ప సన్నాయి వినబడసాగింది, మధ్యలో ఆయన దగ్గే దగ్గుతో సహా. అది కోటప్ప కాదని, ఆయన్ని బానలో పెట్టి భూతం పలుకుతోందని అందరికీ తెలుసు.

ఆ సన్నాయి విని రోజూ ఏడ్చే పిల్ల ఒకతె ఉంది. కోటప్ప కూతురు అంకాలు, పదహారేళ్ళది. ఐదో ఏటనుంచి తండ్రే ఆమెకు సన్నాయి నేర్పాడు. "నేనెలా ఊదితే అచ్చం అలాగే ఊదు" అన్నది ఒక్కటే ఆయన పాఠం. అంకాలు అలాగే ఊదేది. కళ్ళు మూసుకుని వింటే ఊదేది తండ్రో కూతురో తెలిసేది కాదు.

ఒకనాడు అంకాలు కళ్ళు తుడుచుకుని రాజసభకు వెళ్ళి, "మా నాన్నను తెచ్చుకుంటాను, నన్ను కొండ మీదికి పంపండి" అంది.

మంత్రి తల అడ్డంగా ఊపాడు. "నువ్వూ మీ నాన్నలాగే ఊదుతావు కదమ్మా. ఆయన పాటను భూతం రోజూ పొద్దున్నే వల్లె వేస్తోంది. ఇక నీదెంత సేపు? మీకంటూ ఒక బాణీ ఉందా?"

"లేదు. వెతికి తెచ్చుకుంటాం."

"ఎక్కడనుంచి?"

"అది ఎక్కడుంటే అక్కడనుంచి" అని అంకాలు చరచరా వచ్చేసింది.

బాణీ అంటే ఏమిటంటారా? గోడకవతల ఎవరో వాయిస్తుంటే, చూడకుండానే "ఇది ఫలానావాళ్ళు" అని మీరు చెప్పేయగలిగితే, వాళ్ళకు బాణీ ఉన్నట్టు. అది కొట్లో దొరకదని మీకూ నాకూ తెలుసు. అంకాలుకు తెలియదు.

అంకాలుతో ఇద్దరు బయల్దేరారు. ఒకరు మేనమామ బసవయ్య. డోలు ఆయనది, డోలంత బొజ్జ కూడా ఆయనదే. మాటల్లో మహావీరుడు. పూలదండలు కట్టే తాయారుతో ఆయనకు పెళ్ళి నిశ్చయమై, మూడుసార్లు పీటల మీదదాకా వచ్చి ఆగిపోయింది. బయల్దేరేటప్పుడు తాయారు గుమ్మంలో నిలబడి, "గట్టిమేళం తేకుండా వచ్చావో, నా గడప తొక్కకు. తెచ్చాక మళ్ళీ ఏదో వంక పెట్టావో, ఆ తాళి నేనే నీ మెళ్ళో కడతా" అని హెచ్చరించింది.

రెండో మనిషి కోటప్ప మేనత్త సూరాలవ్వ. తాళాలు వేయడంలో ఆవిడకు సాటి లేరు. పదేళ్ళుగా చెవులు బొత్తిగా వినిపించవు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. డోలు వాయించేటప్పుడు బసవయ్య బొజ్జ ఊగుతుంది కదా, ఆ ఊపు చూసి తాళం వేసేది. ఆనాడు ఆవిడ నెత్తిన ఒక పెద్ద మట్టి బాన పెట్టుకుని వచ్చింది.

"ఇదెందుకవ్వా?" అంది అంకాలు.

"బాన తేవాలన్నావు కదే! పోయి వెతకడమెందుకు, మనింట్లోనే ఉంది."

"బాన కాదు, బాణీ!"

"అదే నేనూ అన్నది" అని అవ్వ ముందుకు నడిచింది. ఆ బానను దించమని చెప్పి చెప్పి ఇద్దరి గొంతులూ పోయాయి తప్ప అవ్వ దించలేదు.

ఒకరోజు ప్రయాణం తర్వాత వాళ్ళకు చిక్కుముని కనిపించాడు. ఆయన తపస్సు చేస్తుండగా గడ్డం పెరిగి రేగుకంపకు చిక్కుకుపోయింది. అటూ ఇటూ కదల్లేక అక్కడే కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తిడుతున్నాడు. అవ్వ కొప్పులోంచి దువ్వెన తీసి, ఒక పూటంతా కూర్చుని చిక్కు తీసింది. ముని మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఏం కావాలో కోరుకోండి" అన్నాడు.

"స్వామీ, మాకంటూ ఒక బాణీ కావాలి" అంది అంకాలు చేతులు జోడించి.

"ఓస్, ఇంతేనా? నల్లకొండకు పోయే దారిలో పడి ఉంటుంది. ఏరుకుంటూ పొండి."

"దారిలోనా? ఎలా ఉంటుంది స్వామీ?"

"చూడ్డానికి ఏమీ బాగుండదు. అందుకే ఎవరూ తీసుకోరు" అని ముని కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గడ్డం ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ మాటను సైగలతో చెప్పాక అవ్వ కళ్ళు నేలకు అతుక్కుపోయాయి. దారిలో ఏది కనబడితే అది ఏరి బానలో వేసుకునేది. ఒక నెమలీక, అరిగిన గుర్రపు నాడా, ఎవరిదో ఒంటి చెప్పు. "ఇదా? ఇదా?" అని ప్రతిదాన్నీ అంకాలుకు చూపించేది. అంకాలు విసుక్కునేది.

తర్వాత దట్టమైన అడవి వచ్చింది. అడవి మొదట్లోనే దారికి అడ్డంగా ఒక ముసలి పులి పడుకుని ఉంది. అది లేచి ఒళ్ళు విరుచుకుని, "మేళగాళ్ళా? చాలా రోజులైంది విని. నాకు పాట వింటూ నడవడమంటే ఇష్టం. అడవి దాటేదాకా మీ వెనకాలే వస్తాను. పాట సాగినంతసేపూ మీరు నాకు విద్వాంసులు. ఆగిన మరుక్షణం భోజనం" అంది.

"దానికేం భాగ్యం పులిరాజుగారూ" అన్నాడు బసవయ్య. ఆ మాట అన్నది ఆయనే అయినా, గొంతు ఆయనదిలా లేదు.

ముగ్గురూ వాయిస్తూ నడిచారు. కొంతదూరం బాగానే సాగింది. ఇంతలో ఎండుటాకు గరగరమంది. పులి ఎంత దగ్గరికొచ్చిందో చూద్దామని బసవయ్య వెనక్కి తిరిగాడు. తిరగగానే చేతులు ఆగిపోయాయి. అంకాలు ఇంకేమీ తోచక, తాను ఊదుతున్న స్వరాన్నే సాగదీసి పట్టుకుంది. బసవయ్య మళ్ళీ దెబ్బ వేసేదాకా వదల్లేదు.

"మధ్యలో ఆగినట్టుందే?" అంది పులి.

"అది ఆగడం కాదు పులిరాజా, అలంకారం!" అంది అంకాలు ఊపిరి పీల్చుకునే సందులో.

"అలాగా. బాగుంది" అంది పులి.

అడవి దాటేలోగా బసవయ్య అరవైసార్లు వెనక్కి చూశాడు. ఎప్పుడు చూస్తాడో ఆయనకే తెలియదు. ఆయన మెడ నరం బిగుసుకోవడం చూసి, ఇదిగో ఆగబోతున్నాడని అంకాలు ముందే సిద్ధపడటం నేర్చుకుంది. అవ్వకేమో చూసి తాళం వేయడానికి బసవయ్య బొజ్జ ఊగడం ఆగిపోయేది. ఆవిడ తాళాలు గాలిలో ఎత్తి పట్టుకుని, బొజ్జ మళ్ళీ ఊగేదాకా ఓపిగ్గా చూసి, అప్పుడు ఠంగుమనిపించేది. అడవి చివర పులి సంతోషంగా తోక ఊపి వెనుదిరిగింది. కాని బసవయ్యకు ఆ జబ్బు వదల్లేదు. వెనక ఏమీ లేకపోయినా సరే, వాయిస్తూ వాయిస్తూ ఠక్కున వెనక్కి తిరిగేవాడు.

"మావయ్యా, పులి పోయింది" అనేది అంకాలు.

"నాకు తెలుసే. నా మెడకు తెలియదు" అనేవాడు బసవయ్య.

అడవి దాటగానే రెండు గుట్టల మధ్య ఇరుకు దారి. అక్కడ ఒక రాక్షసి పెద్ద బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ముగ్గుర్నీ చూడగానే ఆమె కళ్ళు మెరిశాయి.

"రండి రండి! నా అరిసె ఒకటి తిని, బాగుందని చెప్పినవాళ్ళకే దారి" అంది.

"అంతేనా!" అని బసవయ్య పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు.

ఆ రాక్షసి ఒకప్పుడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ అరిసెలు వండేది. పెళ్ళిళ్ళు ఆగిపోయాక అడిగినవాళ్ళు లేరు. ఆ బుట్టలోవి యువరాణి పెళ్ళికని మూడేళ్ళ కిందట వండిన అరిసెలు. బసవయ్య ఒకటి నోట్లో పెట్టుకుని, కళ్ళనీళ్ళు తిరుగుతుండగా దవడకు పెట్టాడు, అది బయటికీ లోపలికీ కాకుండా ఇరుక్కుపోయింది. అవ్వకు పళ్ళే లేవు కాబట్టి చెంబులో నానబెట్టుకుని నిదానంగా జుర్రుకుంది. అంకాలు తెగించి కసుక్కున కొరికింది. ఫట్‌మంది. విరిగింది అరిసె అనుకున్నారు అందరూ. కాదు, అంకాలు ముందు పన్ను.

"ఎలా ఉంది?" అంది రాక్షసి ఆశగా, పమిట కొంగు చేత్తో నలుపుకుంటూ.

ఆ మొహం చూస్తే అంకాలుకు నొప్పి మరిచిపోయేంత జాలి వేసింది. "బాగుందత్తా. బెల్లం పాకం సరిగ్గా కుదిరింది" అంది నెత్తురు మింగుతూ. రాక్షసి భోరున ఏడ్చేసింది. మూడేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరట. ఆమె వాళ్ళను గుట్ట చివరిదాకా సాగనంపి, దారిలో తినడానికి ఇంకో డజను అరిసెలు అవ్వ బానలో వేసింది.

ఆ రోజునుంచి అంకాలు సన్నాయి చెడింది. పై స్వరానికి పోయేటప్పుడు పంటి సందులోంచి గాలి పోయి, స్వరం ఒక జారు జారి అప్పుడు నిలబడేది. తండ్రి ఊదినట్టు సూటిగా ఎంత ప్రయత్నించినా రాలేదు. అంకాలు ఒక చెట్టు కింద కూర్చుని ఏడ్చింది. "నాన్న పదకొండేళ్ళు నేర్పింది ఒక్క అరిసెతో పోయింది మావయ్యా" అంది. బసవయ్య ఓదార్చబోయి, మధ్యలో వెనక్కి చూశాడు.

నల్లకొండ కిందికి చేరేసరికి దారి అయిపోయింది. బాణీ మాత్రం దొరకలేదు. అవ్వ బాన నిండా చెత్త ఉంది. వారం రోజులుగా సరైన తిండి లేక బసవయ్య బొజ్జ కూడా సగానికి సగం తగ్గింది. ఊగడానికి ఏమీ లేక అవ్వ ఇప్పుడు ఆయన భుజం చూసి తాళం వేస్తోంది, దాంతో తాళం అరక్షణం ముందే పడుతోంది. వచ్చేటప్పటికంటే అధ్వాన్నంగా తయారయ్యాం అనుకుంది అంకాలు. అయినా నాన్న పైన ఉన్నాడు. వెనక్కి ఎలా వెళ్తుంది?

"భూతం ముందు మన లోపాలేవీ బయటపడకూడదు" అని చెప్పింది. "మావయ్యా, చచ్చినా వెనక్కి చూడకు. నేను పంటి సందుకు నాలుక అడ్డం పెడతాను. నాన్న ఊదినట్టే ఊదుతాను. ఆపైన మన అదృష్టం."

గుహలో గోడవారగా మనిషెత్తు బానలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య మారుమోత భూతం కూర్చుని ఉంది. "ఎనిమిదో మేళమా? రండి, మూడు బానలు ఖాళీగానే ఉన్నాయి" అని మూడు నోళ్ళతోనూ నవ్వింది.

ఇంతలో ఒక బాన దగ్గింది.

"నాన్నా!" అని అరిచింది అంకాలు.

"అంకాలూ, నువ్వెందుకొచ్చావే?" అంది బానలోంచి కోటప్ప గొంతు. "వచ్చావు కాబట్టి చెబుతున్నా. నేను నేర్పింది నేర్పినట్టు ఊదు. వెంట్రుకవాసి తేడా రానివ్వకు!"

చూశారా పిల్లలూ, పెద్దవాళ్ళు బానలో ఉండి కూడా సలహాలు మానరు.

అంకాలు కళ్ళు మూసుకుని తండ్రి పాట ఎత్తుకుంది. భూతం ఒక్క ఊపిరి వెనకగా పలకడం మొదలుపెట్టింది. నిజానికి అది వినడం కూడా లేదు. ఆ పాట దానికి కంఠతా వచ్చు. సన్నాయి తల ఊదుతోంది, డోలు తల మోగుతోంది, తాళాల తల పైకప్పు రాళ్ళు లెక్కపెడుతూ ఠంగు ఠంగుమంటోంది. పాట సగమయ్యేసరికి ఖాళీ బానల మూతలు వాటంతట అవే లేవసాగాయి.

అప్పుడు గుహ మూల గబ్బిలం ఒకటి రెక్కలు టపటపలాడించింది. ఇంకేముంది? బసవయ్య ఠక్కున వెనక్కి తిరిగాడు. డోలు ఆగిపోయింది.

అంకాలు అనుకున్నవన్నీ మరిచిపోయింది. అలవాటు కొద్దీ స్వరాన్ని సాగదీసి పట్టుకుంది. నాలుక జారి, పంటి సందులోంచి స్వరం 'ఉయ్'మని ఒక జారు జారింది. అవ్వ తాళాలు గాలిలో ఎత్తి పట్టుకుని బసవయ్య భుజం వంకే చూసింది. భుజం లేచింది. తాళం ఠంగుమంది, ఆ వెంటనే డోలు, ఆ వెంటనే సన్నాయి పై స్వరానికి ఎగిరింది.

భూతం డోలు తల ఆగకుండా కంఠతా వచ్చిన పాటతో ముందుకు పోయింది. సన్నాయి తల సాగదీస్తూ వెనకబడిపోయింది. తాళాల తల ఎప్పుడు వేయాలో తెలియక దిక్కులు చూసింది.

"ఆగండాగండి! ఇదేదో కొత్తగా ఉంది. మళ్ళీ వాయించండి, పట్టేస్తాను" అంది భూతం.

మళ్ళీ వాయించారు. ఈసారి భూతం మొదట ఎక్కడ ఆగారో సరిగ్గా అక్కడ ఆగింది. బసవయ్య అక్కడ ఆగలేదు. పది దెబ్బల తర్వాత, తన నీడను చూసి తానే జడుసుకుని ఆగాడు. అంకాలు ఈసారి ఆ ఖాళీలో మూడు చిన్న జారులు వేసింది. భూతం మూడు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఎందుకాగావు?" అంది సన్నాయి తల.

"ఆగింది నేను కాదు, నువ్వే!" అంది డోలు తల.

"ఇంతకీ మాట్లాడుతున్నది ఎవరు?" అంది తాళాల తల, గోడను చూస్తూ.

మూడోసారి కూడా వాయించమంది భూతం. మూడోసారి ఇంకోలా వచ్చింది. అది చెమటలు కక్కుతూ కూలబడి, "ఎక్కడ ఆగాలో మీలో మీరు ముందే చెప్పుకుంటారా?" అని అడిగింది.

"మాకే తెలియదు భూతంగారూ. మా మావయ్యకు ఎప్పుడు భయం వేస్తే అప్పుడు ఆగుతాడు" అంది అంకాలు.

"మరి నీకెలా తెలుస్తుంది?"

"ఆయన మెడ చూస్తాను. ఆయన పడిపోకుండా నేను పట్టుకుంటాను. నా గాలి జారితే ఆయన దెబ్బ వేసి కప్పేస్తాడు. మా అవ్వకు వినబడదు, మా ఇద్దర్నీ చూసి వేస్తుంది."

ఆ మాట అంటుండగానే అంకాలు ఆగిపోయింది. చూడ్డానికి ఏమీ బాగుండదని, దారిలో పడి ఉంటుందని ముని చెప్పింది దేని గురించో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆనందం పట్టలేక అవ్వను గట్టిగా కావలించుకుంది. "బాన కింద పడుతుందే!" అని అవ్వ కసిరింది.

భూతం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు మూడు నోళ్ళున్నాయి. ఇన్నేళ్ళూ కలిసే పాడాయి. ఒకదాని మొహం ఒకటి ఎన్నడూ చూడలేదు" అంది. అని, మాట ప్రకారం పెద్దగా త్రేన్చింది. మూడేళ్ళు కడుపులో మగ్గిన గట్టిమేళం ఒక్కసారిగా బయటపడింది. కొండ అదిరింది. బానల మూతలు ఎగిరిపోయాయి. ఏడు విడతలుగా వెళ్ళిన మేళగాళ్ళంతా బయటికొచ్చి ఒళ్ళు దులుపుకున్నారు.

కోటప్ప వస్తూనే, "ఏమే ఆ ఊదుడు? నేను నేర్పింది అదా?" అన్నాడు. అంతలోనే కూతురి విరిగిన పన్ను చూసి, ఆమె తల నిమిరాడు. "బానలో ఉండి విన్నానమ్మా. ఇన్నేళ్ళూ నీది విన్నప్పుడల్లా నన్ను నేను విన్నట్టే ఉండేది. ఇవాళ మొట్టమొదటిసారి, ఇది మా అంకాలు అనుకున్నాను. ఆ జారు నాకూ నేర్పు."

"నీకు రాదు నాన్నా, నీ పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి."

"దానికేముంది, గుట్ట దగ్గర అరిసెలున్నాయి" అన్నాడు బసవయ్య.

ఒక మూల భూతం ఇంకా వెక్కుతోంది. సూరాలవ్వకు మాటలు వినబడకపోయినా ఏడుపు కనబడింది. ఆవిడ తన బానలోని నెమలీకనూ, నాడానూ, అరిసెలనూ గుమ్మరించి, ఖాళీ బానను భూతం ముందు పెట్టింది.

"ఏడవకు నాయనా. మేళంలో ఒత్తు పట్టేవాళ్ళు మాకు లేరు. సన్నాయి పక్కన ఒకే స్వరం విడవకుండా పట్టి ఉంచాలి, అంతే. ఇందులోకి ఊదు" అంది.

బాన మూతి ఒక్కటే. మూడు తలలూ దాని మీదికి ఒకేసారి వంగాయి. వంగినప్పుడు మొదటిసారి ఒకదాన్నొకటి ఎదురుగా చూసుకున్నాయి. "నువ్వా!" అనుకున్నాయి మూడూ. తర్వాత మెల్లగా ఒకే స్వరం పట్టాయి. బానలోంచి 'భుం'మని ఒక నాదం వచ్చింది. అలాంటిది అంతకుముందు ఎవరూ వినలేదు. అది కోటప్పది కాదు, పక్క రాజ్యం వాళ్ళది కాదు.

అందరూ గజ్జెలకోటకు తిరిగొచ్చారు. యువరాణి పెళ్ళి వైభవంగా జరిగింది. మగపెళ్ళివారు ఇంటికి బయల్దేరుతుంటే వంటవాళ్ళు పొలిమేరదాకా వెళ్ళి, నిజంగానే వెళ్ళారో లేదో చూసుకుని వచ్చారు. రాజు అంకాలును ఆస్థాన విదుషిని చేసి, ఇంకేం కావాలన్నాడు. "మా మావయ్య పెళ్ళికి ఇదే పందిరి ఇప్పించండి" అంది అంకాలు.

ఆ పెళ్ళిలో ఒక చిక్కు వచ్చిపడింది. పెళ్ళికొడుకే డోలు వాయించేవాడు. ఇంకొకరిచేత వాయింపజేసి చూశారు కాని, ఆయన వెనక్కి చూడడు, అవ్వకు చూడ్డానికి తెలిసిన భుజం లేదు, అంకాలుకు పట్టుకోవడానికి ఖాళీ లేదు. మేళం చప్పగా ఉంది. ముహూర్తం దగ్గరపడింది. తాయారు పీటల మీదనుంచే గుడ్లురిమింది.

"డోలు ఇలా ఇవ్వండి" అన్నాడు బసవయ్య, మెళ్ళో దండ పక్కకు తోసుకుంటూ. "తాళి కూడా ఇవ్వండి!"

పురోహితుడు వేలు తిప్పి, "గట్టిమేళం!" అన్నాడు. సన్నాయి లేచింది, బానలో భూతం 'భుం'మంది, డోలు హోరెత్తింది. ఉన్నట్టుండి బసవయ్య చేతులు ఆగాయి. ఈసారి ఆయన వెనక్కి తిరగలేదు, తాయారు వైపు తిరిగాడు. అంకాలు స్వరం సాగదీసి పట్టుకుంది, అవ్వ తాళాలు పైకెత్తి ఆగింది. ఆ సందులో మొదటి ముడి పడింది. మళ్ళీ డోలు, మళ్ళీ ఆగడం, రెండో ముడి. మళ్ళీ డోలు. మూడోసారి ఆగినప్పుడు బసవయ్య వేళ్ళలోంచి దారం కొస జారింది. అంకాలు ఆయన మెడ చూసి, స్వరాన్ని ఇంకొంచెం సాగదీసింది. మూడో ముడి పడింది. అవ్వ ఠంగుమనిపించింది.

ఆ తర్వాత గజ్జెలకోటలో గట్టిమేళం ఎప్పుడు వేసినా మధ్యలో మూడుసార్లు ఆగి వేసేవారు. గోడకవతల విన్నవాళ్ళెవరైనా సరే, చూడకుండానే, "అంకాలు మేళం" అనేవారు.

కథ పందిట్లో కూర్చుండిపోయింది, మనం పంక్తిలోకి లేద్దాం. అరిసెలు మాత్రం కొత్తవేనా అని ఒకసారి అడిగి తినండి.